సిసిటాలియా 202: ఫియట్ 1100 ఇంజిన్ ఉన్న బుల్లి కారుకి అంత రేటు దేనికి?

పద్మిని_ప్రసాద్
యూట్యూబులో పాత కార్ల వేలం వీడియోలు చూస్తుంటే ఇటలీ కారు ఒకటి తగిలింది. పేరు సిసిటాలియా 202. ఇద్దరు మాత్రమే పట్టే కూపే. చూడ్డానికి బాగుంది, కాదనను. వివరాల్లోకి వెళ్తే ఇంజిన్ ఫియట్ 1100, నాలుగు సిలిండర్లు, 1089 సీసీ. అంటే మా నాన్నగారి ప్రీమియర్ పద్మినిలో ఉన్నదే కదా! ఆ కారేమో లక్షల డాలర్లు పలుకుతోంది. పైగా న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ వాళ్ళు తమ సేకరణలో పెట్టుకున్నారట. మా షెడ్డులో ఉన్నదాన్ని తూకానికి అడిగాడు పాత ఇనుము కొనే ఆయన. ఫెరారీ అంటే పన్నెండు సిలిండర్లున్నాయి, సరే. దీంట్లో ఏముందని? నాకైతే ఇది డబ్బున్నవాళ్ళ ముచ్చటలాగే కనబడుతోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతసామాను
ముచ్చటే. ఇందులో తెలుసుకోవాల్సిందేం లేదు.

వరంగల్_వీల్స్
ప్రసాదన్నా, మీ బండి కూడా మ్యూజియంకి రాసిపెట్టి చూడు. "సేమ్ ఇంజిన్" అని కవర్ లెటర్ పెట్టు 😂

నూవొలారి_ఫ్యాన్
ప్రసాద్ గారూ, "అదే ఇంజిన్" అంటే సగమే నిజం. రెండింటి మూలం ఒకటే. 1937లో ఫియట్ 508సీ అని ఒక కారు తెచ్చింది, ఆ ఇంజిన్ బోరు (సిలిండరు వెడల్పు) 68 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మి.మీ. దాన్నే సవరించుకుంటూ దశాబ్దాల పాటు వాడారు. ఆ వంశంలోదే బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళు పద్మినిలో పెట్టింది. సిసిటాలియా వాళ్ళు తీసుకున్నదీ అదే. కాకపోతే ఆ రోజుల్లో మామూలు ఫియట్ 1100 ఇచ్చేది 32 హార్స్‌పవర్ అయితే, వీళ్ళు కంప్రెషన్ పెంచి, డ్రై సంప్ (ఆయిలుని విడి ట్యాంకులో ఉంచే పద్ధతి) పెట్టి 55 దాకా లాగారు. కింద ఫ్రేము సన్నని క్రోమ్-మాలిబ్డినం స్టీలు గొట్టాలతో అల్లింది. బండి మొత్తం బరువు 800 కిలోల లోపే. గంటకి 160 కిలోమీటర్లు పోయేది. 1947లో, 1100 సీసీతో!

మీ పద్మినిని 160లో తోలి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

పద్మిని_ప్రసాద్
మా బండి 80 దాటితే అద్దాలు పాట పాడతాయి. సరే, కానీ 55 హార్స్‌పవర్ ఇవాళ ఆల్టోకి కూడా దగ్గర్లోనే ఉంటుంది. నా ప్రశ్న అలాగే ఉంది. రేటు దేనికి? ఇంజిన్‌కి కాదుగా?

ఆటోనగర్_అబ్బాయి
బాడీకి అన్నా. మాది విజయవాడ ఆటోనగర్, తాతల కాలం నుంచి లారీ బాడీలు కట్టే ఇల్లు. ఈ కోచ్‌బిల్ట్ కార్ల గురించి మొదటిసారి చదివినప్పుడు, అరే ఇది మనం చేసే పనేగా అనిపించింది. లారీ ఓనరు కంపెనీలో చాసిస్ ఒక్కటే కొంటాడు. తలుపుల్లేవు, క్యాబిన్ లేదు, డ్రైవరు మొహానికి తువ్వాలు చుట్టుకుని తోలుకొస్తాడు. మన దగ్గర బాడీ కట్టిస్తాడు. వాళ్ళదీ అదే పద్ధతి. చాసిస్, ఇంజిన్ ఒకళ్ళవి, బాడీ ఇంకొకళ్ళది. ఇటలీలో టొరీనో (ఇంగ్లీషులో టురిన్) ఊర్లో అలా బాడీలు కట్టే షాపులు బోలెడు ఉండేవి. ఈ కారు బాడీ డిజైను పినిన్ ఫరీనా షాపుది. ఒక చాసిస్‌కి ఈయన ఒక రకం కడితే, విన్యాలె అని ఇంకో షాపు ఇంకో రకం కట్టేది. అందుకే 202 పేరుతో ఉన్నవన్నీ ఒకేలా ఉండవు.

పాతసామాను
అయితే మీ లారీ బాడీ కూడా యాభై ఏళ్ళకి వేలంలో అమ్ముకోవచ్చన్నమాట.

ఆటోనగర్_అబ్బాయి
@పాతసామాను మా తాత వేసిన బొమ్మలున్న డాలా (లారీ వెనక తలుపు) ఒకటి ఇప్పటికీ దాచుకున్నాం. మీరు రేటు చెప్పండి, అమ్మం.

సుజాత_కె
నేను డిజైన్ కాలేజీలో పాఠం చెప్తాను. ఈ కారు ఫొటో రెండో వారంలోనే చూపిస్తాను. ప్రసాద్ గారు అడిగింది మంచి ప్రశ్న. పిల్లలూ అదే అడుగుతారు.

యుద్ధానికి ముందు కార్లు గుర్తు తెచ్చుకోండి. ఇంజిన్ మీద ఒక పెట్టె, పక్కన విడిగా మడ్‌గార్డులు, వాటి మధ్య కడ్డీ మీద నిలబెట్టిన హెడ్‌లైట్లు, తలుపు కింద ఫుట్‌బోర్డు. ఏ భాగానికి ఆ భాగం తెచ్చి తగిలించినట్టే ఉంటుంది. 202లో అవన్నీ ఒకే చర్మం కిందికి వచ్చేశాయి. హెడ్‌లైటు మడ్‌గార్డులోనే ఒదిగిపోయింది. అసలు గమనించాల్సింది బానెట్. అప్పటిదాకా బానెట్ అంటే ఎత్తుగా, పక్కన మడ్‌గార్డులు కిందుగా ఉండేవి. ఇక్కడ బానెట్ రెండు మడ్‌గార్డుల కన్నా కిందికి దిగింది. ఆ ముందు మడ్‌గార్డు ఉబ్బు తలుపు మీదుగా నెమ్మదిగా తగ్గి, వెనక చక్రం దగ్గర మళ్ళీ పైకి లేస్తుంది. ఎక్కడా అతుకు కనిపించదు. వెలుగు ఒకవైపు నుంచి పడితే ఆ గీత ఎలా నడుస్తుందో తెలుస్తుంది. 1950లు, 60ల స్పోర్ట్స్ కార్లు చాలావరకు ఈ కూర్పు మీద కట్టినవే.

1951లోనే మోమా (ప్రసాద్ గారు చెప్పిన న్యూయార్క్ మ్యూజియమే) వాళ్ళు ఎనిమిది కార్లతో ప్రదర్శన పెట్టి ఇందులో 202ని చేర్చారు. బెంట్లీ, మెర్సిడిస్ పక్కన. ఓ విల్లీస్ జీపు కూడా ఉంది అందులో. కాబట్టి రేటు చూసి ఎంచినవి కావు.

జెర్సీ_శ్రీను
మోమాలో నేను చూశాను. 2021లో ఆటోమేనియా అని కార్ల ప్రదర్శన పెట్టినప్పుడు. ఎర్ర కారు. ఫొటోల్లో తెలియదు గానీ మరీ పొట్టిది అండీ, నాలుగడుగుల పైన ఒక అంగుళం. నా ఛాతీ దాకా కూడా రాలేదు. పొడవు మాత్రం నాలుగు మీటర్లు. మా అబ్బాయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి "దీనికి కోపం వచ్చినట్టు లేదు డాడీ" అన్నాడు. ఇప్పటి స్పోర్ట్స్ కార్లన్నీ మొహం చిట్లించుకునే ఉంటాయిగా.

ఎప్పుడూ బయట పెట్టరు. చూడాలనుకునేవాళ్ళు వెళ్ళే ముందు వెబ్‌సైటులో చూసుకోండి. ఆ కారు 1972లో పినిన్‌ఫరీనా వాళ్ళే బహుమతిగా ఇచ్చింది, కొన్నది కాదు. మోమా శాశ్వత సేకరణలోకి చేరిన మొదటి కారు అదే. జాగ్వార్ ఈ-టైప్ వచ్చింది 1996లో.

పాతసామాను
కంపెనీ తన కారుని తనే మ్యూజియంకి ఇచ్చుకుంది. ప్రచారం ఉచితం. ఇంకేం కావాలి.

సుజాత_కె
ఇచ్చింది 1972లో. ఎంచుకుంది 1951లో. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్ళు. అంత ఓపికగా ప్రచారం ఎవరు చేస్తారండీ?

లెక్కల_మాస్టారు
అందం గొడవ పక్కన పెడదాం. అందమైన కార్లు ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ ఇంత పలకవు. రేటుకి కారణాలు వేరే.

తయారైనవి కూపేలు, ఓపెన్ కార్లు కలిపి 170 చిల్లర. అది ఒకటి. అంతకన్నా పెద్దది మిల్లే మిల్యా. 1927 నుంచి 1957 దాకా ఇటలీలో బ్రెషాలో మొదలై రోమ్ దాకా పోయి తిరిగొచ్చే వెయ్యి మైళ్ళ రోడ్డు రేసు అది. ఇప్పుడు అదే పేరుతో పాత కార్ల ర్యాలీ ఏటా జరుగుతుంది. ఆనాటి రేసులో పాల్గొన్న మోడళ్ళకే అందులో ప్రవేశం. డబ్బున్నంత మాత్రాన రానివ్వరు, కారుకి అర్హత ఉండాలి. 202 ఆ జాబితాలో ఉంది. కొనేవాడు సగం డబ్బు కారుకి, సగం ఆ గేటు పాసుకి ఇస్తాడు.

అయినా ఇది ఆ లోకంలో చవక బండే. ఫెరారీ 250 జీటీవో 36 మాత్రమే కట్టారు. 2018లో ఒకటి 4.84 కోట్ల డాలర్లకి వేలంలో పోయింది. దాని ముందు 202 ఎంత?

వరంగల్_వీల్స్
"చవక బండే" అంట. మాస్టారూ, మీరు ఏ ఊర్లో పాఠం చెప్తారో చెప్పండి, మా పిల్లల్ని పంపం.

నూవొలారి_ఫ్యాన్
మాస్టారు మిల్లే మిల్యా పేరెత్తి అసలు కథ చెప్పకుండా వదిలేశారు. 1947 జూన్. యుద్ధం అయ్యాక మొదటి మిల్లే మిల్యా, దూరం దాదాపు 1,800 కిలోమీటర్లు. ఇటలీ రేసు డ్రైవరు తాజియో నూవొలారికి 54 ఏళ్ళు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ముందు ఏడాదే రెండో కొడుకు కూడా పోయాడు. సిసిటాలియా 202 ఓపెన్ కారు ఇచ్చారు, 1100 సీసీ, టాపు లేదు. ఆ బండితో తన కన్నా రెండింతలు, మూడింతలు పెద్ద ఇంజిన్ల కార్లని వెనక్కి నెట్టి రేసు చాలాభాగం ముందే ఉన్నాడు. చివర్లో కుండపోత వాన. ఇగ్నిషన్‌లోకి నీళ్ళు చేరి బండి ఆగింది. అది ఆరి స్టార్టయ్యేలోపు బ్యొందెత్తి దాటేశాడు. ఆయనది మూసి ఉన్న ఆల్ఫా రోమియో 2900, ఎనిమిది సిలిండర్లు. నూవొలారి రెండో స్థానం. మూడు, నాలుగు కూడా సిసిటాలియాలే.

ఆ తర్వాత ఆ ఓపెన్ మోడల్‌కి "నూవొలారి స్పైడర్" అనే పేరు పడిపోయింది. గెలిచినవాడి పేరు ఎంతమందికి గుర్తుంది చెప్పండి.

పాతసామాను
బ్యొందెత్తి. ఇప్పుడే చెప్పారుగా.

జెర్సీ_శ్రీను
స్టీరింగు చేతికి ఊడొచ్చిన ఫొటో ఈయనదేనా?

నూవొలారి_ఫ్యాన్
ఈయనదే. 1946 సెప్టెంబరు, టొరీనో వాలెంటీనో పార్కులో రేసు. అది కూడా సిసిటాలియానే, డి46 అని ఒక్క సీటు రేసు కారు. ఫియట్ ఇంజినీరు దాంతే జకోజా గీసింది. నడుస్తుండగా స్టీరింగు చక్రం ఊడింది. ఈయన దాన్ని ఒక చేత్తో పైకెత్తి చూపిస్తూ, మిగిలిన కడ్డీ పట్టుకుని పిట్స్ దాకా వచ్చేశాడు. అన్నట్టు ఆ రేసు గెలిచింది కంపెనీ ఓనరు పియేరో దూసియో!

వరంగల్_వీల్స్
ఓనరు గెలిచిండు, డ్రైవరు స్టీరింగు ఊడింది. అనుమానంగనే ఉంది 🤔

టొరీనో_తెలుగు
ఇక్కడ టొరీనోలో ఉంటాను, మెకానికల్ చదువు. దూసియో గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. బట్టల వ్యాపారం, సైన్యానికి యూనిఫాంలు అమ్మి సంపాదించాడు. యువెంటస్‌కి ఫుట్‌బాల్ ఆడాడు, తర్వాత ఆ క్లబ్బుకి అధ్యక్షుడయ్యాడు. కార్ల పిచ్చి. 202 బాగా పేరు తెచ్చేసరికి ఆశ పెరిగింది, గ్రాండ్ ప్రి కారు కావాలన్నాడు. ఆస్ట్రియాలోని పోర్షె బృందానికి పని అప్పజెప్పాడు. అప్పటికి పెద్దాయన ఫెర్డినాండ్ పోర్షె ఫ్రాన్స్‌లో జైల్లో ఉన్నాడు. దూసియో ఇచ్చిన డబ్బుతోనే జామీను కట్టి 1947లో బయటికి తెచ్చుకున్నారు.

కారు మాత్రం బ్రహ్మాండం. 1.5 లీటర్లు, పన్నెండు సిలిండర్లు, సూపర్‌చార్జర్, నాలుగు చక్రాలకీ డ్రైవు. ఒక్క గ్రాండ్ ప్రిలో కూడా పరుగెత్తలేదు. ఆ ఖర్చుకే సిసిటాలియా మునిగిపోయింది, దూసియో అర్జెంటీనా వెళ్ళిపోయాడు. ఆ కారు ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో పోర్షె మ్యూజియంలో ఉంది. రేసు జట్టు చూసుకునే కార్లో అబార్త్ మిగిలిన బళ్ళూ సామాన్లూ తీసుకుని 1949లో సొంత కంపెనీ పెట్టాడు. తేలు గుర్తు. మన దేశంలో 2015లో అమ్మిన అబార్త్ పుంటో ఆ పేరుదే.

లెక్కల_మాస్టారు
ఒక ఆర్డరుతో పోర్షె తండ్రిని విడిపించారు, ఇచ్చినవాడు దివాలా తీశాడు. రాత బాగోలేకపోతే అంతే.

సుజాత_కె
ఇంకోటి. ఆ పినిన్‌ఫరీనా ఇప్పుడు మన మహీంద్రా గ్రూపుది. 2015 చివర్లో ఒప్పందం కుదిరింది.

పద్మిని_ప్రసాద్
కథలన్నీ బాగున్నాయి, నాకు నచ్చాయి. కానీ మీరు చెప్పేకొద్దీ నా అనుమానం గట్టిపడుతోంది. మాస్టారేమో గేటు పాసు అంటారు, ఫ్యాన్ గారేమో నూవొలారి అంటారు. అంటే జనం కొనేది కథని. బాడీ కొట్టినవాడి పేరు ఒక్కరూ చెప్పలేదు.

టొరీనో_తెలుగు
ప్రసాద్ గారూ, ఆ మాట నిజం. వాళ్ళ పేర్లు బయటికి రావు. ఇక్కడ రేకు కొట్టేవాళ్ళని బత్తిలాస్త్రా అంటారు. ఊరి బయట ఒక పాత షాపుకి మా ప్రొఫెసరు తీసుకెళ్ళారు. ఇప్పుడూ పాత కార్ల బాడీలే చేస్తారు. మధ్యలో కారు ఆకారంలో చెక్క అచ్చు. రేకు ముక్క ఇసుక సంచి మీద పెట్టి కొయ్యసుత్తితో గుంట కొట్టి, చక్రాల మధ్య నడిపి నునుపు చేసి, తెచ్చి అచ్చు మీద పెట్టి చూస్తారు. కుదరకపోతే మళ్ళీ. అల్యూమినియం కొట్టేకొద్దీ గట్టిపడిపోతుంది, ఇంకా కొడితే చీలుతుంది. అందుకని మధ్యమధ్యలో వేడి చేసి మెత్తబరచాలి. చిక్కేమిటంటే ఇనుములా ఇది ఎర్రబడదు, రంగు మారకుండానే కరిగిపోతుంది. ఆ పెద్దాయన బట్టల సబ్బు ముక్క తీసి రేకు మీద గీతలు గీశాడు, కింద నుంచి మంట పెట్టాడు. సబ్బు గీత నల్లబడగానే మంట తీసేశాడు. అదే కొలత. ఇంకాస్త ఆగితే రేకు జావ.

ఆటోనగర్_అబ్బాయి
సబ్బు కిటుకు మా దగ్గరా ఉంది! మా బాబాయి అల్యూమినియం రేకుకి అలాగే చేస్తాడు. ఎక్కడ నేర్చుకున్నావంటే "మా మేస్త్రి" అంటాడు, ఆ మేస్త్రికి ఎవరు చెప్పారో!

ఆ తర్వాత పని కూడా చెప్పు తమ్ముడూ. ఆకురాయి అడ్డంగా పట్టి ఒక్కసారి లాగితే ఎత్తుగా ఉన్నచోట తళుక్కుమంటుంది, గుంట ఉన్నచోట మసకగా ఉండిపోతుంది. మసక ఉన్నచోట వెనక నుంచి తట్టాలి. పుట్టీ పెట్టి పూడ్చేస్తే అది టింకరింగు, తట్టి తెస్తే పనితనం.

టొరీనో_తెలుగు
అచ్చం అదే. ఇంకోటి గమనించాను అన్నా. చేత్తో కొట్టిన బాడీలో కుడి ఎడమలు సరిగ్గా ఒకటి కావు. టేపు పెట్టి కొలిస్తే తేడా వస్తుంది. ఒక కారు తలుపు తీసి ఇంకో కారుకి పెడితే పట్టదు.

లెక్కల_మాస్టారు
అక్కడే కొనేవాడికి టెన్షన్. తలుపు దెబ్బతింటే స్పేరు దొరకదు, మళ్ళీ కొట్టించాలి. అలా కొట్టిస్తూ పోతే చివరికి అసలు రేకు ఎంత మిగిలిందనే ప్రశ్న వస్తుంది. కొందరు అసలు బాడీ పోయిన చాసిస్ కొని సరికొత్త బాడీ కట్టించి అమ్ముతారు. ఫెరారీల్లో ఇంకా ఘోరం, నలుగురు కూర్చునే 250 జీటీఈని కోసి జీటీవో నకలు చేసినవాళ్ళున్నారు.

వరంగల్_వీల్స్
మా కాక లారీకి మూడోసారి బాడీ కట్టించిండు, ఇంజిన్ కూడా మార్పిచ్చిండు. ఆర్సీ మాత్రం అదే. ఆయన్నడిగితే "ఇది మా నాయన బండి" అంటడు. మరి అసలా నకలా?

ఆటోనగర్_అబ్బాయి
ఆర్టీవో లెక్కలో చాసిస్ నంబరే బండి. మీ కాక చెప్పింది కరెక్టే.

సుజాత_కె
నేను ఒప్పుకోను. 202 విషయంలో మనుషులు దాచుకున్నది ఆ ఆకారాన్ని. చాసిస్ నంబరు పలక ఒక్కటే మిగిలి, బాడీ గత ఏడాది కొట్టిందైతే అది మంచి కాపీ. కాపీ అని చెప్పి అమ్మితే తప్పు లేదు.

నూవొలారి_ఫ్యాన్
సుజాత గారూ, అలాగైతే రేసు కార్లలో ఒక్కటీ అసలుది మిగలదు. గుద్దుకున్నాయి, మళ్ళీ కట్టారు. ఆ రోజుల్లోనే ఓనరు మనసు మారి వేరే షాపులో కొత్త బాడీ కట్టించుకున్న బళ్ళూ ఉన్నాయి. 1950లో మారిన బాడీ నకలా? అదీ ఆ బండి చరిత్రే. ఇంజిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, రేసుల్లో పేలితే ఇంకో ఫియట్ ఇంజిన్ బిగించి పోయేవాళ్ళు.

సుజాత_కె
1950లో మారితే చరిత్ర. వేలానికి ఆరు నెలల ముందు మారితే వ్యాపారం. గీత ఎక్కడ గీయాలో మీకూ తెలుసు.

పాతసామాను
ఈ ఒక్కదానికి సుజాత గారికి నా ఓటు. రాసిపెట్టుకోండి, మళ్ళీ రాదు.

పద్మిని_ప్రసాద్
పక్కదారి ప్రశ్న. మా నాన్నగారిది 1974 మోడల్. అమ్మేయకుండా ఉంచుకుంటే ఈ వింటేజ్ రిజిస్ట్రేషన్ అంటున్నారే, వస్తుందా?

లెక్కల_మాస్టారు
2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన, వ్యాపారానికి వాడని బండి అయి ఉండాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత మళ్ళీ చేయించుకోడానికి 5,000. కానీ రోజూ ఆఫీసుకి వేసుకుపోతానంటే కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటివాటికే. బాడీ జోలికి వెళ్ళకండి. సన్‌రూఫ్ పెట్టిద్దామని ఎవరైనా అంటే వినకండి.

వరంగల్_వీల్స్
పద్మినికి సన్‌రూఫా! తుప్పు పట్టి ఆల్రెడీ వచ్చి ఉంటది చూడన్నా.

జెర్సీ_శ్రీను
@టొరీనో_తెలుగు వచ్చే వేసవికి ఇటలీ వస్తున్నాం. పిల్లలకి ఇలాంటి కార్లు చూపించాలంటే ఎక్కడికి పోవాలి?

టొరీనో_తెలుగు
టొరీనోలోనే జాతీయ ఆటోమొబైల్ మ్యూజియం ఉంది, మౌటో అంటారు. సిసిటాలియా కూడా ఉంది. సగం పూట పెట్టుకోండి. జూన్‌లో వస్తే మిల్లే మిల్యా తేదీలు చూసుకోండి, బ్రెషాలో రోడ్డు పక్కన నిలబడితే టిక్కెట్టు లేకుండా అన్నీ కదులుతూ కనబడతాయి.

ఆటోనగర్_అబ్బాయి
తమ్ముడూ, మ్యూజియంకి నువ్వు మళ్ళీ వెళ్తే ఓ పని చెయ్యి. బానెట్ లోపలి వైపు ఫొటో కావాలి. బయట పాలిష్ చేసేస్తారు, సుత్తి దెబ్బలు లోపలే ఉంటాయి. మా బాబాయికి చూపించాలి.

టొరీనో_తెలుగు
అన్నా, నేను బానెట్ మీద చెయ్యి వేస్తే గార్డు నా మీద చెయ్యి వేస్తాడు.